రెండు ప్రమాణాల చదువు

మొదటి తొట్టి

మధ్యాహ్నం రెండింటికి పంపు వేస్తే నాలుగింటికి తొట్టి నిండుతుంది. ఆ రెండు గంటలూ నీటిశాల వదిలి వెళ్ళకూడదు. చేయడానికి పని కూడా ఏమీ ఉండదు. ఇన్నేళ్ళుగా ఆ సమయంలో కునికిపాట్లు పడ్డాను, చింతపండు గింజలు తీశాను, పక్కింటి పిల్లలకి ఎక్కాలు చెప్పాను. ఈ వారం నుంచి రాస్తున్నాను.

మెరక విశ్వవిద్యాలయం నుంచి కబురొచ్చింది. జంట డిగ్రీని ముప్పై ఆరేళ్ళ తర్వాత మళ్ళీ తెరుస్తున్నారట. పొద్దున విజ్ఞానశాస్త్రం, మధ్యాహ్నం సమాజశాస్త్రం, అయిదేళ్ళ చదువు, చివర రెండు పట్టాలు. పాత విద్యార్థులందరూ తమ జ్ఞాపకాలు రాసి పంపమని అడిగారు. అయిదేళ్ళూ చదివి రెండు పట్టాలూ అందుకున్నది నేనొక్కదాన్నేనని వాళ్ళకి తెలిసినట్టు లేదు. నా పేరు హైమావతి. అరవై ఏళ్ళు. తూర్పు మెరక నీటిశాల చూసుకుంటాను.

ఇవాళ ఇంతే. పైపు కారుతోంది, గుడ్డ చుట్టాలి.

రెండో తొట్టి

మేం చేరినప్పుడు ఏడుగురం. హాస్టల్లో మిగతావాళ్ళు మమ్మల్ని 'రెండు పడవలోళ్ళు' అనేవారు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడు ఏమవుతాడో మెరక మీద పుట్టినవాళ్ళకి కూడా తెలుసు. వాళ్ళ తాతలు కింద పల్లంలో పడవలు నడిపినవాళ్ళే.

విజ్ఞానశాస్త్ర భవనం గుట్టకి ఈ పక్క, సమాజశాస్త్ర భవనం ఆ పక్క. మధ్యలో పొడుగాటి నడకవంతెన. పన్నెండున్నరకి ఇక్కడ తరగతి అయితే పన్నెండు నలభైకి అక్కడ మొదలు. భోజనానికి సమయం లేదు. పెరుగన్నం డబ్బా మూత తీసి నడుస్తూనే తినేవాళ్ళం. వంతెన మీద గాలికి డబ్బా మూత ఎగిరిపోయి లోయలో పడితే ఏడుగురం కడ్డీల మీదికి వంగి చూస్తూ నిలబడ్డాం ఒకసారి. ఆ రోజు అందరికీ ఆలస్యం. అంత నవ్వు మళ్ళీ ఎప్పుడు నవ్వానో గుర్తులేదు.

ఈ భవనంలో నేల చల్లగా, మందుల వాసనగా ఉండేది. చెప్పులు బయట విడిచి తెల్లకోటు వేసుకోవాలి. ఆ భవనంలో చాపలు. గోడకి ఆనుకుని కూర్చుని ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవాళ్ళు వినాలి. మొదట్లో ఈ పక్క మాట్లాడకుండా ఉండలేకపోయేదాన్ని, ఆ పక్క మాట్లాడలేకపోయేదాన్ని.

చేరిన మొదటిరోజు రెండు చోట్లా ప్రమాణం చేయించారు. నీటిశాస్త్రం చెప్పే పరిమళ మేడమ్ తెల్లకోటు మా చేతికిస్తూ పలికించిన మాట: "చూసిన అంకె దాచను." మధ్యాహ్నం ఆ పక్క సత్యానందం మాస్టారు, చాప మీద మా ఎదురుగా బాసింపట్టు వేసుకుని పలికించిన మాట: "నమ్మి చెప్పిన మాట, అడగకుండా దాటించను." రెండూ ఒకే గొంతుతో పలికాను. ఒకదానికొకటి అడ్డొస్తాయని పద్దెనిమిదేళ్ళ పిల్లకి ఎలా తడుతుంది?

మొదటి ఏడాది ముగ్గురు మానేశారు, రెండో ఏడాది ఇద్దరు. ఆఖరున నాతో మిగిలిన సులోచన కూడా నాలుగో ఏడాది మొదట్లో ఆ పక్కనే ఉండిపోయింది. తర్వాత వంతెన మీద ఒక్కదాన్నే నడిచాను.

మూడో తొట్టి

ఇప్పటి పిల్లల కోసం కొంచెం చెప్పాలి.

అప్పటికింకా గోదావరి లంకల్లో పాతికదాకా సముద్రం మీద తల పైకెత్తి ఉండేవి. ప్రతి లంకలోనూ ఒక బావికి తరలింపు శాఖ 'ఉప్పుకన్ను' వేసింది. నీళ్ళ మీద తేలే గిన్నెంత యంత్రం అది. నీటిలో ఉప్పెంతుందో రోజూ చూసి పెద్దలెక్కకి పంపేది. పెద్దలెక్క అంటే మనిషి కాదు, శాఖవారి గణితం. తెల్లారేసరికి అది ప్రతి లంకకీ ఒక అంకె వేసేది, ఇంకెన్నేళ్ళు అక్కడ బతకొచ్చో. ఆ అంకె రేవు దగ్గర పలక మీద పడేది. మనం వాన వస్తుందా అని చూసినట్టు వాళ్ళు పొద్దున్నే పలక చూసుకునేవారు. అంకె రెండు కంటే కిందికి దిగితే పెద్ద పడవలు వచ్చేవి. మనుషుల్ని మెరక మీదికి చేర్చేవి. ఎవర్ని ఏ ఊళ్ళో దించాలో కూడా పెద్దలెక్కే చెప్పేది, పనిని బట్టి, వయసుని బట్టి.

చుట్టూ ఉన్న లంకలన్నిటికీ అంకె ఏటేటా తగ్గుతోంది. ఒక్క నేరేడులంకకి మాత్రం మూడేళ్ళుగా ఏడు దగ్గరే ఆగింది. ఆ లంక అడుగున ఎక్కడో తియ్యటి నీటి పొర ఉందని పరిమళ మేడమ్ సిద్ధాంతం చేశారు. మూడేళ్ళు దాని మీదే పనిచేశారు. ఆ పొర నిజమైతే మిగతా లంకల కింద కూడా వెతకొచ్చు, మనుషుల్ని కదిలించక్కర్లేదు. ఆవిడకి అందులో పేరు కావాలని ఉందేమో నాకు తెలియదు. ఆశ మాత్రం ఉంది. బోర్డు మీద ఆ పొర గీసేటప్పుడు సుద్దముక్క ఎప్పుడూ మెల్లగా కదిలేది.

అయిదో ఏడాది నా పరిశోధనకి నేరేడులంక ఇచ్చారు. పొద్దున నీళ్ళు కొలవాలి, మధ్యాహ్నం ఆ నీళ్ళని ఊరివాళ్ళు ఎలా పంచుకుంటారో అడిగి రాయాలి.

నాలుగో తొట్టి

నూకరత్నం గారింట్లో దింపారు నన్ను. యాభై ఏళ్ళ మనిషి, భర్త ఏడుకొండలు పడవ మీద ఉంటాడు, కొడుకు వలలకి వెళ్తాడు, కోడలు సుభాషిణి అప్పుడు ఆరోనెల గర్భిణి. రెండో రోజుకే ఆవిడ్ని పిన్నీ అన్నాను. ఆవిడ నన్ను అమ్మాయ్ అనేది, చివరిదాకా అమ్మాయ్ అనే అంది.

ఆ మూడు నెలల గురించి ఎంతైనా రాయొచ్చు. ఎండుచేపల పులుసు, కొబ్బరాకుల దడి మీద ఆరేసిన నా తెల్లకోటు, అది చూసి ఊరంతా నన్ను డాక్టరమ్మ అనుకుని కాళ్ళు, పళ్ళు చూపించడం. ఎనభై నాలుగు ఇళ్ళు ఆ లంకలో. ప్రతి ఇంటి ముందు అరుగు మీద కూర్చుని వానకుండీలో నీళ్ళు ఎన్ని, తాగడానికి ఎన్ని, వండడానికి ఎన్ని అని బిందెల్లో రాసుకున్నాను. మొదట నవ్వారు. తర్వాత నేను రాకపోతే ఎందుకు రాలేదని అడిగేవారు.

రెండు నెలలకి లెక్క కట్టి చూస్తే ప్రతి ఇంట్లోనూ వారానికి రెండు బిందెలు కనపడటం లేదు. ఏ ఇంట్లోనైనా అంతే, సరిగ్గా రెండు. రత్నం పిన్నిని అడిగితే గంగమ్మకి మొక్కు అంది. ఊరు ఊరంతా మొక్కుకున్నారా అంటే ఆయ్ అంది. నేను ఆ మొక్కు మీద నాలుగు పేజీలు రాసి సత్యానందం మాస్టారికి పంపాను. ఆయన కింద ఒకే వాక్యం రాసి తిప్పి పంపారు: ఎక్కడ పోస్తున్నారో చూశావా?

చూడలేదు. ఆ వారమే చూశాను. తెల్లవారి చీకటి విడుతుండగా నలుగురాడవాళ్ళు బిందెలతో ఉప్పుకన్ను ఉన్న బావి దగ్గరికి వెళ్ళి, చప్పుడు కాకుండా గోడ వెంబడే పోసి వచ్చారు. దణ్ణం పెట్టలేదు. పసుపు చల్లలేదు.

మర్నాడు ఎవరూ లేనప్పుడు సీసాకి రాయి కట్టి ఆ బావి అడుగుదాకా దింపాను. యంత్రం పైన తేలుతుంది కాబట్టి అందరూ పైనీళ్ళే కొలిచేవారు, మేడమ్ తెప్పించుకున్నదీ అవే. అడుగునీళ్ళు కొలిచి నమ్మలేక నాలిక మీద వేసుకున్నాను. సముద్రం.

తియ్యనీళ్ళు తేలిక, ఉప్పునీళ్ళ మీద తేలి ఉంటాయి. నేనది ప్రయోగశాలలో నేర్చుకున్నాను. వాళ్ళకి పుట్టినప్పటి నుంచీ తెలుసు.

అయిదో తొట్టి

నిన్న తొట్టి పొంగింది. రాస్తూ చూసుకోలేదు.

ఆ సాయంత్రం కొత్తగా చూశాను సుభాషిణి కాళ్ళు. చెప్పులు పట్టనంత వాపు. వారం నుంచి తలనొప్పి అంటోంది. ఉన్న వాననీళ్ళలో రెండు బిందెలు బావికి పోతే ఇంట్లో మిగిలేది చేతిపంపు ఉప్పునీరు. అది తాగే మనిషికి రక్తపోటు పెరుగుతుందని, కడుపుతో ఉన్నవాళ్ళకి అది ప్రాణం మీదికి తెస్తుందని పొద్దుటి చదువు చెప్పింది. అయినా ఆ సాయంత్రం నేనేమీ అనలేదు. పన్నెండు రోజులు అనలేదు. ఇది రాయకుండా దాటేద్దామనుకున్నాను.

పదమూడో రోజు శాఖ నుంచి ఆదేశం వచ్చింది. పక్కనున్న ముల్లేరులంక అంకె ఒకటికి దిగింది. అక్కడి పదకొండు వందల మందినీ మెరకకి కాక నేరేడులంకకి తెచ్చి దింపుతారట. కారణం పరిమళ మేడమ్ కనిపెట్టిన తియ్యటి పొర. మేడమ్ నాకు ఉత్తరం పంపారు. 'మొదటిసారి మన చదువు వల్ల కొందరు లంకలు వదలకుండా మిగిలారు హైమా' అని.

పడవెక్కి మెరకకి వచ్చాను. మేడమ్ గదిదాకా వెళ్ళి తలుపు తట్టకుండా వంతెన దాటి సత్యానందం మాస్టారి దగ్గరికి పోయాను. పేర్లు చెప్పకుండా, ఊరు చెప్పకుండా, ఒక అంకె అబద్ధమనీ దాన్ని నమ్మి చాలామంది ప్రమాదంలోకి వెళ్తున్నారనీ చెప్పాను. ఆయనకి అర్థమయ్యే ఉంటుంది. చాప అంచు సవరించారు.

"రెండు ప్రమాణాలూ నువ్వే చేశావు. ఏది వదలాలో నన్నడగకు," అన్నారు. "అడగకుండా దాటించనన్నావు కదా. అయితే అడుగు. వెళ్ళి వాళ్ళనే అడుగు."

ఆరో తొట్టి

రెండు గ్లాసులు రత్నం పిన్ని ముందు పెట్టాను. ఒకటి బావి పైనీళ్ళు, ఒకటి అడుగువి. వంటింట్లో ఇద్దరమే. ఆవిడ రెండోది చూడనైనా చూడలేదు. అందులో ఏముందో నాకంటే ఆవిడకే ముందు తెలుసు.

"ఎవరికి సెప్పావు?" అంది.

ఎవరికీ చెప్పలేదన్నాను. ముల్లేరులంకవాళ్ళు వస్తున్న సంగతి చెప్పాను. పదకొండు వందల మందికి తాగడానికి ఇక్కడేమీ లేదన్నాను. ఇల్లు వదులుకోలేక ఇలా చేస్తున్నారా అని అడిగాను.

ఆవిడ పొయ్యిలో పుల్ల వెనక్కి లాగింది. "ఇల్లేంటమ్మాయ్. ఇల్లు ఏడాదికోసారి కొట్టుకుపోద్ది, మళ్ళీ ఏసుకుంటాం. మా అక్కోళ్ళది కొత్తలంక. తొమ్మిదేళ్ళ కిందట ఆ ఊరిని ఎత్తేశారు. అక్కనో ఊరు, బావనో ఊరు, పిల్లల్ని ఇంకో ఊరు. లెక్క అలా సెప్పిందంట. అక్క ఏ ఊళ్ళో ఉందో నాకు ఇప్పటికీ తెల్దు. మేం అందరం ఒక్కచోటికి ఎల్తామంటే ఇయ్యాలే ఎల్తాం. ఒక్కచోటికి ఎల్లనివ్వరు."

అప్పుడు అటు గదిలో పడుకున్న సుభాషిణి మంచినీళ్ళు అడిగింది. పిన్ని లేచి బిందె దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది. వెనక్కి తిరగకుండానే అంది: "రెండు బిందెలు ఆ బాయిలో పోసి, కోడలికి ఉప్పునీళ్ళు పోస్తన్నాను. ఇది నాకు తెల్దనుకున్నావా?"

మర్నాడు వలలు కుట్టే పాకలో ఊరాడవాళ్ళందరూ కూడారు. నా మీద కోపం వచ్చింది వాళ్ళకి, రావాల్సిందే. మా బావిలో మమ్మల్ని అడక్కుండా సీసా ఎందుకు దింపావని ఒక ముసలావిడ నిలదీసింది. తప్పే అన్నాను. మీరు చెప్పొద్దంటే నా పరిశోధన చింపేస్తాను, పట్టాలు లేకుండా ఇంటికి పోతాను, కానీ ముల్లేరువాళ్ళ సంగతి మీరే తేల్చాలి అన్నాను. అన్నానే గానీ చింపేయగలిగేదాన్నో కాదో ఇప్పటికీ తెలియదు.

ఒక పూటంతా వాదించుకున్నారు. చివరికి రత్నం పిన్ని నా దగ్గరికొచ్చి చెప్పింది. ఇందులో నేను నోరెత్తకూడదు. మెరకకి ఊరివాళ్ళే వచ్చి వాళ్ళ నోటితో చెప్తారు. చెప్పేదాకా ఏ ఒక్కరికీ చెప్పనని మాటివ్వాలి.

ఇచ్చాను. ఆ పూట నుంచి ఆ ఊళ్ళో ఒక్క బిందె కూడా బావికి పోలేదు. అంతకుముందు పోసిన నీళ్ళు ఇంకా పైన తేలుతూనే ఉన్నాయి కాబట్టి పలక మీద ఏడు అప్పుడే కదల్లేదు. సుభాషిణికి మూడిళ్ళ నుంచి వాననీళ్ళు వచ్చాయి.

ఏడో తొట్టి

ఆదేశం వచ్చిన తొమ్మిదో రోజున నా నోటిపరీక్ష. సాక్ష్యం చెప్పించుకోవడానికి విద్యార్థి ఎవర్నైనా తెచ్చుకోవచ్చని జంట డిగ్రీ నిబంధనల్లో ఉండేది. పదకొండుమంది ఆడవాళ్ళు పడవలో వచ్చారు. విజ్ఞానశాస్త్ర భవనం చల్లటి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడ్డారు. శాఖ నుంచి ఒక అధికారి, సత్యానందం మాస్టారు, ఇంకో ఇద్దరు. పెద్ద కుర్చీలో పరిమళ మేడమ్. నేను లోపలికి రాగానే నన్ను చూసి చిన్నగా నవ్వారు. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తొస్తుంది.

రత్నం పిన్ని చెప్పింది. ఎప్పుడు పోశారు, ఎలా పోశారు, ఎందుకు పోశారు. ముల్లేరోళ్ళని తేవద్దండి, వాళ్ళు మా చుట్టాలు, అంది. మమ్మల్ని తీసుకెళ్ళండి గానీ ఊరిని ఊరుగా తీసుకెళ్ళండి, అంది. నేను అడుగునీళ్ళ అంకెలు బల్ల మీద పెట్టాను.

మేడమ్ అడిగింది ఒకే ప్రశ్న. "ఎన్నాళ్ళ నుంచి?"

"మూడేళ్ళండి."

మేడమ్ తలాడించి కాగితం మీద ఏదో రాసుకున్నారు. పరీక్ష అయ్యేదాకా తల ఎత్తలేదు. నాకు విజ్ఞానశాస్త్రంలో నూటికి తొంభై ఆరు వేశారని తర్వాత తెలిసింది.

బయటికి వచ్చాక వంతెన మీద కలిశారు. గాలికి కొంగు ఎగురుతుంటే పట్టుకుని, "నాకు ముందు చెప్పాల్సింది హైమా," అన్నారు. అంతే. కోపంగా అనలేదు. నేను మాటిచ్చాను అని చెప్పొచ్చు. కానీ మాటివ్వక ముందు ఆవిడ తలుపు దాకా వెళ్ళి తట్టకుండా వచ్చేసింది నేనే. అందుకని పక్కకి జరిగి దారిచ్చాను. ఆవిడ వెళ్ళిపోయారు.

ఎనిమిదో తొట్టి

మర్నాడు తెల్లారేసరికి నేరేడులంక పలక మీద ఏడు పోయి ఒకటి పడింది. ముల్లేరులంకవాళ్ళని తిన్నగా మెరకకి తీసుకొచ్చారు. నేరేడులంకని వానలకి ముందే ఎత్తేశారు. ఊరంతా ఒక్కచోటే అంటే శాఖ ఒప్పుకోలేదు. ఒప్పుకోలేదని పూర్తిగా అనడానికీ లేదు. అరవై ఒక్క ఇళ్ళు ఇక్కడ తూర్పు మెరక మీద, ఇరవై మూడు ఇళ్ళు ఓడరేవు దగ్గర. ఇంట్లోవాళ్ళని మాత్రం విడదీయలేదు. ఆ తర్వాత ఎత్తేసిన ఏ లంకలోనూ విడదీయలేదు. సుభాషిణికి ఆడపిల్ల పుట్టింది, బొద్దుగా.

జంట డిగ్రీకి మా ఏడుగురి తర్వాత ఎవరూ చేరలేదు. ఏదో ఒకటే చదువు, అదైనా సరిగ్గా చదవాలని పైవాళ్ళు తేల్చారు. వంతెనకి తాళం వేశారని సులోచన రాసింది. ఆ ఉత్తరం చదివి ఏడ్చాను. ఎందుకేడ్చానంటే చెప్పలేను. ఆ వంతెన మీద చల్లారిన పెరుగన్నం తప్ప నేనేమీ తిని ఎరగను.

రత్నం పిన్ని ఈ వీధిలోనే పదిహేడేళ్ళు ఉంది. వాళ్ళక్క దొరకలేదు.

తొమ్మిదో తొట్టి

ఎనిమిది రోజులు రాయలేదు. నీటిశాల సుభాషిణికి అప్పజెప్పి ఊరెళ్ళాను.

పరిమళ మేడమ్ కబురు పంపారు. ఆవిడకిప్పుడు ఎనభై మూడు. జంట డిగ్రీ మళ్ళీ తెరవాలని పట్టుబట్టింది ఆవిడేనని అక్కడికి వెళ్ళాకే తెలిసింది. కాలు సరిగ్గా పడటం లేదు, చేతికర్ర. "నేరేడులంక చూడాలి. నేనెప్పుడూ చూడలేదు," అన్నారు.

చూడటానికేమీ లేదని చెప్పాను. అయినా బయల్దేరాం. అద్దె పడవ, నేనే నడిపాను. రెండు గంటల తర్వాత ఇంజను ఆపేశాను. చుట్టూ నీళ్ళు. తుపాను షెల్టరు పైకప్పు మూల ఒకటి బయటికి ఉంది, దాని మీద కొంగలు.

మేడమ్ పడవ అంచు మీదికి వంగి నీళ్ళలోకి చూశారు.

"ఆ రోజు నువ్వు ముందే వచ్చి చెప్పి ఉంటే," అన్నారు, "నేను ఆ అంకె దాచేదాన్నేమో. ఒక్క నెల ఆగుదాం, ఇంకోసారి కొలుద్దాం అనేదాన్ని. ఈలోగా వాళ్ళు వచ్చేసేవాళ్ళు. ముప్పై ఆరేళ్ళుగా ఆలోచిస్తున్నాను హైమా. దాచేదాన్నే."

మీరు దాచేవారు కాదు అనబోయాను. ఆవిడ చేయి అడ్డం పెట్టారు. నేను తలుపు దాకా వచ్చి తట్టకుండా వెళ్ళానని అప్పుడు చెప్పాను. ఆవిడ తల ఊపారు.

ఇక్కడ ఎవరి ఇల్లు అని అడిగారు, పడవ పక్కన నీళ్ళు చూపిస్తూ. షెల్టరు ఆనవాలు పట్టి చూసి, మల్లిపూడి అప్పన్న గారిదన్నాను. దాని పక్కన? పోతురాజు వెంకాయమ్మ గారిది. దాని పక్కన? రేవు నుంచి మొదలుపెట్టి వరసగా చెప్పుకుంటూ పోయాను. రత్నం పిన్నిది ముప్పై రెండో ఇల్లు. ఎక్కడా తడుముకోలేదు. ఎనభై నాలుగోది లంక కొసన కోళ్ళ సూర్యకాంతం గారి పాక, అక్కడితో ఊరు అయిపోయిందన్నాను.

"ఆ ఇంట్లో ఎంతమంది?" అన్నారు మేడమ్.

అయిదుగురన్నాను.

ఆవిడ కర్ర పక్కన పెట్టి, సంచిలోంచి కాగితం, కలం తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. "పేర్లు చెప్పు," అన్నారు.